సీసా మీద అంటించిన చీటీ

తిరువూరులో మందుల గురించి బసవపున్నయ్యకు తెలియని సంగతి లేదు. ఈ మాట ఊరు అన్నది కాదు, బసవపున్నయ్యే అనుకునేవాడు, పైకి గట్టిగా అనుకునేవాడు. ముప్పై రెండేళ్ళు పురుగుమందుల కొట్టు నడిపాడు గనక, మందు కావలసిన రైతులు నోరు మూసుకుని విన్నారు. పత్తికి పురుగు పట్టినా, మామిడి పూతకు తేనెమంచు పురుగు పట్టినా, ఆయన గల్లాపెట్టె వెనక కుర్చీలో వెనక్కి వాలి, తెచ్చిన ఆకు వంక చూడకుండానే మందు పేరు చెప్పేవాడు. అది పనిచేయలేదని ఎవడైనా తిరిగొస్తే దానికీ ఒక జవాబు ఉండేది.

"మందుది తప్పుండదురా. కొట్టే చేతిది తప్పు."

ఆ జవాబు ముప్పై రెండేళ్ళు అరగకుండా పనిచేసింది. పొద్దున కొట్టినవాడితో సాయంత్రం కొట్టాల్సిందన్నాడు. సాయంత్రం కొట్టినవాడితో పొద్దున కొట్టాల్సిందన్నాడు. నీళ్ళు ఎక్కువ పోశావని ఒకణ్ణి, తక్కువ పోశావని ఒకణ్ణి తిట్టాడు. ఏమీ దొరకనప్పుడు మబ్బు మీదికి నెట్టేవాడు. మబ్బు వచ్చి కొట్లో వాదించదు కదా.

మూడేళ్ళ కిందట కొడుకు కార్తీక్ కొట్టు తన చేతిలోకి తీసుకుని, "నాన్నా, మీరింక ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి" అన్నాడు. రెస్టంటే ఏమిటో బసవపున్నయ్యకు నాలుగు రోజుల్లో తెలిసొచ్చింది. పొద్దున పేపరు, పదింటికి మజ్జిగ, ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగకపోవడం. పప్పులో ఉప్పు గురించి చెప్పబోతే భార్య శివపార్వతి, "ముప్పై రెండేళ్ళు ఊరందరికీ చెప్పారుగా, మీ నోటిక్కూడా కాస్త రెస్టు ఇవ్వండి" అంది. కార్తీక్‌కి జాలేసిందో విసుగేసిందో గాని, విజయవాడ నుంచి నాలుగడుగుల అద్దాల ట్యాంకు తెప్పించి హాల్లో పెట్టించాడు. అందులో అరచేయంత ఆస్కారు చేపను ఒకదాన్ని వదిలాడు.

ఆస్కారు మిగతా చేపల్లాంటిది కాదు, మేత వేసే మనిషిని గుర్తుపడుతుంది. నల్లటి ఒంటి మీద నిప్పురంగు మచ్చలున్న ఆ చేప, బసవపున్నయ్య కుర్చీ లాక్కుని కూర్చోగానే అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. వేలు అటు జరిపితే అటు, ఇటు జరిపితే ఇటు. ఏడాది తిరిగేసరికి నీళ్ళలో చెయ్యి పెడితే అరచేతిలో మేత తినడం నేర్చింది. దాన్ని ఆయన "మావాడు" అనేవాడు. కొడుకును మాత్రం కార్తీక్ అనే అనేవాడు. ఎంత వెటకారం చేసినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో, ఆయన చెప్పినట్టు వినే ప్రాణి అదొక్కటే మిగిలింది. అది పోతే ఆయనకు పొద్దు గడవదు.

ట్యాంకులో అందానికి పెట్టిన చెక్కమొద్దు నానినకొద్దీ నీళ్ళు డికాషన్ రంగుకు తిరిగాయి. బస్టాండు దగ్గర చేపల కొట్టు నడిపే హెప్సిబాను అడిగితే, నల్లటి గుళికలున్న వలసంచి ఒకటి ఇచ్చింది. "ఇది కార్బనండి. ఫిల్టరు డబ్బాలో పెడితే నీళ్ళలో రంగూ వాసనా లాగేస్తుంది. మూడు నాలుగు వారాలకు దీని పని అయిపోద్ది. అప్పుడు తీసి పడేయాలి. ఎప్పుడూ ఉంచాలనేం లేదు, అవసరాన్ని బట్టి పెట్టుకోవాలి" అని చెప్పింది. బసవపున్నయ్య మొదటి ముక్క విన్నాడు. మిగతాది వినాల్సిన అవసరం ఆయనకు కనపడలేదు.

రెండు రోజుల్లో నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటపడ్డాయి. అంతే, కార్బన్ ఆయన కనిపెట్టిందే అయిపోయింది. వాకింగుకు వచ్చిన వాళ్ళకు కార్బన్ గురించి చెప్పాడు. పాలవాడికి చెప్పాడు. చుట్టపుచూపుగా వచ్చిన పిన్నమ్మ కూతురు సరోజినీదేవి, తమ ఇంట్లో చేపల తొట్టే లేదని మొత్తుకుంటున్నా వినకుండా, ఒక సంచి ఆమె చేతిలో పెట్టి పంపాడు.

హెప్సిబా, శాంతయ్య అనే ఒకప్పటి కౌలురైతు కూతురు. పదకొండేళ్ళ కిందట ఈ శాంతయ్య, కౌలుకు చేస్తున్న రెండెకరాల పత్తిలో కాయతొలుచు పురుగు పడిందని వస్తే బసవపున్నయ్య మందిచ్చాడు. రెండుసార్లు కొట్టినా పురుగు చావలేదు. శాంతయ్య తొలిచిన కాయల్ని కండువాలో మూటకట్టి తెచ్చి గల్లాపెట్టె మీద విప్పాడు. ఒక కాయలోంచి పురుగు పాక్కుంటూ బయటికొచ్చింది.

"వాన ముందు కొట్టి, నా కొట్టుకొచ్చి ఏడుస్తావేంరా?" అన్నాడు బసవపున్నయ్య.

"మా చేలో వాన పడలేదండి. విస్సన్నపేట వైపు పడింది."

"విస్సన్నపేటలో పడ్డ వాన నిన్ను చూసి భయపడి ఆగిపోయిందా? మందుది తప్పుండదు శాంతయ్యా. కొట్టే చేతిది తప్పు."

కొట్లో ఉన్న పదిమందీ నవ్వారు. వాళ్ళలో సగం మందికి వెనకటి ఏడు అదే జవాబు దొరికింది, అయినా నవ్వారు. శాంతయ్య కాయలన్నీ ఏరి మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడాదితో కౌలు మానేసి రెడ్డిగూడెంలో మామిడి తోటకు కాపలా వెళ్ళాడు. అక్కడుంటూనే కూతురిని బీఎస్సీ చదివించాడు. ఇప్పుడు పగలంతా కూతురి కొట్లో కూర్చుని మేత పొట్లాలు కడుతున్నాడు. బసవపున్నయ్య ఆ కొట్టుకు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి నమస్కారం పెట్టేవాడు. బసవపున్నయ్య తలాడించేవాడు.

ఈ మార్చిలో ఒక పొద్దున మావాడు మేతకు రాలేదు. మొద్దుకేసి ఒళ్ళు రుద్దుకుంటున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. బసవపున్నయ్య చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా చేపల కొట్టుకు వెళ్ళాడు. హెప్సిబా ఆయన ఫోనులో తీసుకొచ్చిన ఫొటో చూసి, ఇది తెల్లచుక్క జబ్బని, కంగారు పడక్కర్లేదని, నయమవుతుందని చెప్పి నీలం మందు సీసా ఒకటి తీసింది.

"రోజూ పొద్దున పది చుక్కలండి. వేసే ముందు మటుకు ఫిల్టర్లో..."

"అమ్మాయ్," అన్నాడు బసవపున్నయ్య. "మందు ఎట్టా వెయ్యాలో నువ్వు నాకు చెప్తావా? నువ్వు పలక పట్టకముందు నుంచీ నేను మందులమ్మాను."

హెప్సిబా వాదించలేదు. అటువంటి వాళ్ళను వారానికి నలుగురిని చూస్తుంది. అందుకే ఒక పద్ధతి పెట్టుకుంది. చెప్పాల్సింది కాగితం ముక్క మీద రాసి సీసాకు అంటించి ఇస్తుంది, ఇంటికెళ్ళాకయినా చదువుకుంటారని. ఆయన సీసాకూ అలాగే అంటించింది.

ఇంకెవరైనా అయితే చదివేవాడే. చదువు రానివాడు పక్కింటివాడి చేత చదివించుకునేవాడు. బసవపున్నయ్య ఇంటికొచ్చి, సీసా వెలుతురుకు పట్టుకుని, చీటీ వంక చూసి నవ్వుకున్నాడు. చీటీ ఎందుకు అంటిస్తారో ఆయనకు తెలుసు. ఆ విద్యలో ఆయన ఆరితేరినవాడు. మందు సీసా మీద డేటు అయిపోతే, కొట్టు పేరున్న స్టిక్కరు తెచ్చి సరిగ్గా ఆ డేటు మీదే అంటించి, చిన్న అక్షరాలు కంటికి ఆనని రైతుల చేతిలో పెట్టేవాడు. శాంతయ్య పత్తికి ఇచ్చిన రెండు డబ్బాల మీద ఆ స్టిక్కర్లే ఉన్నాయి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనపడుతుందని ఊరికే అనలేదు. బసవపున్నయ్య చీటీని గోటితో గీకి, తడిపి, పీలికలుగా ఊడబీకి చెత్తబుట్టలో పడేశాడు. దాని మీద ఒక్క అక్షరం కూడా చదవలేదు. తీరా చూస్తే చీటీ కింద ఏమీ లేదు. డేటు సీసా అడుగున ఉంది, ఇంకా రెండేళ్ళ గడువుంది. కొంచెం నిరాశ అనిపించింది గాని, మందు వేశాడు.

అంతటితో ఊరుకుంటే ఆయన బసవపున్నయ్య ఎందుకవుతాడు. జబ్బుపడ్డవాడికి నీరు తేటగా ఉండాలని చెప్పి ఫిల్టరు డబ్బాలో కొత్త కార్బన్ సంచులు ఇంకో రెండు కుక్కాడు.

పొద్దున నీళ్ళు నీలంగా తిరిగాయి. సాయంత్రానికి తేటగా అయిపోయాయి. బసవపున్నయ్య శివపార్వతిని పిలిచి చూపించాడు.

"చూశావా? మావాడు మందంతా పీల్చేశాడు. ఒక్క చుక్క మిగల్చలేదు."

"మందు తాగిన చేప ఇంకా ఆ మూలే నక్కిందేంటండి?"

"మందు పనిచేస్తుంటే నీరసం ఉండదా?" అన్నాడు. మందుల సంగతి ఆడవాళ్ళకేం తెలుసని కూడా అనబోయి, పొయ్యి మీద తన కాఫీ ఉందని గుర్తొచ్చి ఆగాడు.

రెండోరోజూ అంతే. పొద్దున నీలం, సాయంత్రం తేట. మూడోరోజుకు తెల్లచుక్కలు ఒళ్ళంతా పాకాయి, కళ్ళ మీదకు కూడా వచ్చాయి. మావాడు నీటి మీదికి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ గాలి కోసం వెతుక్కుంటున్నాడు. బసవపున్నయ్య అరచెయ్యి నీళ్ళలో పెడితే దగ్గరికి రాలేదు, చూడనైనా చూడలేదు. ఆయన చాలాసేపు చెయ్యి అలాగే ఉంచాడు. భయమేసింది. ఆ భయాన్ని ఏం చేసుకోవాలో తెలియక కోపంగా మార్చుకుని, సీసా జేబులో వేసుకుని బస్టాండు దారి పట్టాడు.

కొట్లో అప్పటికి ఇద్దరు బేరగాళ్ళున్నారు. గప్పీ చేపలు కొనడానికి విస్సన్నపేట నుంచి వచ్చిన గిరిబాబు అనే బడిపంతులు, మేత కోసం వచ్చిన ఒక పెద్దావిడ. శాంతయ్య మూలన స్టూలు మీద పొట్లాలు కడుతున్నాడు. బసవపున్నయ్య సీసాను బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"ఇది మందా, రంగునీళ్ళా? పొద్దున వేస్తే సాయంత్రానికి వెలిసిపోతోంది. కల్తీ సరుకు అమ్మి ఎంతమందిని ముంచుదామని?"

హెప్సిబా సీసా చేతిలోకి తీసుకుని చూసింది. "ఫిల్టర్లో కార్బన్ తీసేశారా అంకుల్?"

"తియ్యడమేంటి? ఇంకో రెండు సంచులు పెట్టాను."

"తియ్యమని చీటీ మీద రాసి అంటించాను కదండి. చీటీ ఏది?"

"చీటీ సంగతి నాకు చెప్పకు. కింద డేటు దాచడానికి పైన స్టిక్కరు వేస్తారని నాకు తెలీదనుకున్నావా? ఇట్టాంటివి నేనెన్ని..." అని, నోట్లోంచి రాబోయే మాటను సగంలో పట్టుకుని, "ఎన్ని చూడలేదు" అని ముగించాడు.

శాంతయ్య కడుతున్న పొట్లం ఒళ్ళో పెట్టుకుని తలెత్తి చూశాడు.

హెప్సిబా అరలోంచి ఇంకో సీసా తీసి బల్ల మీద పెట్టింది. దాని మీదా అదే చీటీ ఉంది. గిరిబాబు పంతులు కదా, రాసింది కనపడితే పైకి చదవకుండా ఉండలేడు. "మందు వేసే ముందు ఫిల్టర్లో కార్బన్ సంచి తీసేయాలి. లేకపోతే మందునంతా అదే పీల్చేస్తుంది" అని చదివి, బసవపున్నయ్య వంక తిరిగి, "అంటే మూడ్రోజుల నుంచీ చేపకి కాకుండా బొగ్గుకి వైద్యం చేశారన్నమాట" అన్నాడు.

పెద్దావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బసవపున్నయ్యకు చెవులు వేడెక్కాయి. ఆయన చూపు తనకు తెలియకుండానే మూలనున్న శాంతయ్య మీదకు వెళ్ళింది. ఇప్పుడంటాడు అనుకున్నాడు. తన మాట తనకే అప్పగిస్తాడు, మందుది తప్పుండదయ్యా, కొట్టే చేతిది తప్పు అంటాడు, వీళ్ళందరూ నవ్వుతారు. శాంతయ్య స్థానంలో తానే ఉంటే ఆ అవకాశాన్ని వదిలి ఉండేవాడు కాదు.

శాంతయ్య లేచి చేతులు దులుపుకున్నాడు. "చేప బతికే ఉందాండి?"

"ఉంది."

"అయితే పదండి," అన్నాడు, అరలోంచి కొత్త సీసా తీసుకుని.

ఇంట్లో శాంతయ్య ఫిల్టరు డబ్బా మూత తీసి మూడు కార్బన్ సంచుల్నీ బయటికి లాగాడు. అవి పెరటిదాకా నల్లగా కారుతూ వెళ్ళాయి. ట్యాంకులో మూడోవంతు నీళ్ళు తోడి, బోరునీళ్ళు నింపి, మందు పది చుక్కలు లెక్కగా వేశాడు. సాయంత్రం బసవపున్నయ్య పదిసార్లు చూశాడు. నీళ్ళు నీలంగానే ఉన్నాయి.

మర్నాడు తొమ్మిదింటికి శాంతయ్య మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఈ పనికి ఆయనను ఎవరూ పిలవలేదు, తప్పదని ఎవరూ అనలేదు. మొదటి రోజు పని కాగానే నిలబడే కాఫీ తాగి వెళ్ళాడు. నాలుగో రోజు బసవపున్నయ్య, "నిలబడతావేంటి, కుర్చీ లాక్కో" అన్నాడు. అరవై నాలుగేళ్ళ వయసులో ఆయన శాంతయ్యతో ఆ మాట అనడం అదే మొదలు. అంత గొప్ప మాట అన్నందుకు తనను చూసి తానే మురిసిపోయాడు కూడా. ఇద్దరూ ట్యాంకు ముందు కూర్చునేవాళ్ళు. బసవపున్నయ్య మాట్లాడేవాడు, శాంతయ్య వినేవాడు. అప్పుడప్పుడు శాంతయ్య మామిడి తోటలో కోతుల సంగతి చెప్పేవాడు, బసవపున్నయ్య వినేవాడు. ఆశ్చర్యంగా ఉన్నా ఇది నిజం. ఎనిమిదిన్నర నుంచే ఆయన గేటు వైపు చూడడం మొదలుపెట్టాడు.

ఏడో రోజుకు చుక్కలు రాలిపోయాయి. బసవపున్నయ్య అరచేతిలో మేత పెట్టుకుని చెయ్యి నీళ్ళలో ముంచాడు. మావాడు మూలనుంచి కదిలాడు, ఆగాడు, నెమ్మదిగా వచ్చి మేత అందుకున్నాడు. బసవపున్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు చీదుకుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"గండం గడిచిందండి," అన్నాడు శాంతయ్య. "ఇంకో మూడ్రోజులు మందు వెయ్యండి, చాలు."

అప్పుడు బసవపున్నయ్యకు మంచివాడు కావాలని మనసు పుట్టింది. ఎంతటివాడికైనా అటువంటి ఘడియ ఒకటి వస్తుంది. ఒక్క మాట చెప్పేస్తే మనసు తేలికపడుతుందనుకున్నాడు. ఎవరి మనసు తేలికపడుతుందో, ఎవరి మనసు బరువెక్కుతుందో ఆలోచించేంత అలవాటు ఆయనకు లేదు.

"శాంతయ్యా, ఆ ఏడు నీ పత్తి చేలో వాన పడలేదు."

"పడలేదండి," అన్నాడు శాంతయ్య. "నేను చేలోనే ఉన్నాగా."

"మందుదే తప్పు. డేటు అయిపోయిన సరుకు. స్టిక్కరు కింద... నాకు తెలిసే ఇచ్చాను."

శాంతయ్య బక్కెట్టు మీద వేసిన తుండుగుడ్డ తీసి పిండాడు. మడత పెట్టాడు. భుజాన వేసుకున్నాడు.

"మొన్న కొట్లో తమరు స్టిక్కరు మాట అన్నప్పుడు కొంచెం అనుమానమొచ్చిందండి. ఛ, ఎందుకులే అనుకున్నా," అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు. "మందు చెడ్డదని నాకు అప్పుడే తెలుసండి. తమరికి తెలీదేమో అనుకున్నా ఇన్నేళ్ళూ. కంపెనీవాడు తమర్ని కూడా మోసం చేశాడేమో, పదిమందిలో ఒప్పుకోలేక నా మీద అరిచారేమో అనుకున్నా. మా అమ్మాయికీ అట్టాగే చెప్పా. ఆయన మంచోడే, తెలీక ఇచ్చాడని."

బసవపున్నయ్య చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. ఆయన ఏదో అనాలి. ముప్పై రెండేళ్ళు ప్రతివాడికీ జవాబిచ్చిన నోరు అది. ఆయన చేప వైపు తిరిగాడు.

"వస్తానండి," అన్నాడు శాంతయ్య. శివపార్వతి తెచ్చిన కాఫీ కుర్చీ పక్కన స్టూలు మీద పొగలు కక్కుతోంది. దాన్ని ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు తొమ్మిదైంది, తొమ్మిదిన్నరైంది. గేటు చప్పుడు కాలేదు. మందు సీసా ట్యాంకు మూత మీదే ఉంది, హెప్సిబా చీటీతో సహా. బసవపున్నయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ చీటీని మొదటిసారి మొదలునుంచి చివరిదాకా చదివాడు. పది చుక్కలు వేశాడు. మావాడు అద్దం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన వేలు అటు జరిపితే అటు, ఇటు జరిపితే ఇటు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

శివపార్వతి డాబా మీద వడియాలు పెట్టి, చెమట తుడుచుకుంటూ దిగి వచ్చి గోడ గడియారం చూసింది.

"శాంతయ్య ఇవాళ రాలేదేంటండి?"

బసవపున్నయ్య చేప మీంచి చూపు తిప్పలేదు.

"విస్సన్నపేట వైపు వాన పడుతోందట," అన్నాడు.

శివపార్వతి వాకిట్లో మండిపోతున్న ఎండ వంక ఒకసారి, ఆయన వంక ఒకసారి చూసి, వడియాలు తిరగెయ్యడానికి మళ్ళీ డాబా ఎక్కింది.